ఆపేసిన ఇంజను

ఓబులేసుకు అన్న మీద కోపం పోయింది. ఈ సంగతి అతనే అందరికీ చెబుతుండేవాడు. అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. ఒక ఎండాకాలం, తమ్ముడి వంతు రోజున అన్న నీళ్లు తన చేనికి తిప్పుకున్నాడు. ఓబులేసు మిరపతోట కళ్లముందే ఎండిపోయింది. ఆనాటి నుంచి మాటల్లేవు. ఓబులేసు ఊరు వదిలి, నల్లమల కొండలకు ఇవతల పాత జీపొకటి కొనుక్కుని బాడుగలకు తిప్పుకుంటూ బతికాడు.

అక్కడే కంబగిరయ్య దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. కంబగిరయ్య అచల గురువు, మార్పులేని తత్త్వం బోధించేవాడు. విగ్రహం లేదు, విభూతి లేదు. ఒక తంబురా, ఒక చాప. అంతే ఆయన ఆస్తి.

"కోపాన్ని ఆపేసినా సామీ. వాడు ఎదురుపడినా నాకేం కాదు" అనేవాడు ఓబులేసు.

"ఊఁ" అనేవాడు కంబగిరయ్య. అది మెచ్చుకోలే అని శిష్యుడు సంతోషించేవాడు.

మార్గశిరంలో ఒక పొద్దున వదిన ఫోన్ చేసింది. "మీ అన్న మనిషి దక్కేటట్టు లేడు నాయనా. నిన్ను చూడాలంటాండాడు. తొందరగా రా."

ఓబులేసు జీపు తీశాడు. పిలవకుండానే కంబగిరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

కొంత దూరం పోయాక ఓబులేసు నోరు విప్పాడు. "సామీ, 'తప్పు నాదిరా' అని వాడు ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఇనకముందే పోతాడేమోనని నా భయం."

"కోపం లేదంటివే?"

"లేదు సామీ. ఊరికే... ఇందామని."

ఘాటు రోడ్డు మొదలయింది. పైకి పోయేకొద్దీ మంచు దట్టమయింది. రోడ్డు పక్క చెట్లు ఒక్కొక్కటే కనబడి, ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఎదురుగా ఒక్క లారీ రాలేదు. ఆ దారిలో అది ఎన్నడూ లేనిది. మలుపు తిరుగుతుంటే ఓబులేసు ఇంజను వేడి చూపించే ముల్లు వైపు చూశాడు. అది ఎర్రగీత దాటిపోయి ఉంది.

బండి పక్కకు తీసి ఇంజను ఆపాడు. బానెట్ ఎత్తగానే ఆవిరి మొహానికి కొట్టింది. కింద రోడ్డు మీద నీళ్లు కారుతున్నాయి. పచ్చటి నీళ్లు, పసుపు కలిపినట్టు.

"ఇదేంది, ఇంత పచ్చగా ఉండాయి?" అన్నాడు గురువు.

"పసుపే సామీ. రేడియేటర్‌కు సన్నని చిల్లి పడితే గుప్పెడు పసుపేసినా. పాత డ్రైవర్లందరూ చేసేదే. మూసుకపాయెననుకుంటి."

గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఊళ్లోనే ఆ చిల్లికి మాటు వేయించి ఉంటే ఈ తిప్పలే లేవు. కానీ ఇప్పుడు అది ఆలోచించే ఓపిక ఓబులేసుకు లేదు. అవతల అన్న పోతున్నాడు. నీళ్ల క్యాను దించి, భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని, రేడియేటర్ మూత మీదికి వంగాడు. మరుగుతున్నప్పుడు మూత తీస్తే మొహం కాలిపోతుందని తెలియనివాడు కాదు. తెలిసే వంగాడు.

కంబగిరయ్య అతని చేతి నుంచి ఆ తువ్వాలు మెల్లగా విప్పుకున్నాడు. దాన్ని రోడ్డు అంచు పిట్టగోడ మీద పరుచుకుని కూర్చున్నాడు. పక్కన చోటు చూపించాడు.

ఇద్దరూ కూర్చున్నారు. అడవిలో పిట్ట కూత లేదు, ఆకు కదలిక లేదు. ఇంజనులో నీళ్లు మాత్రం గుడగుడమంటున్నాయి.

అప్పుడు మలుపు అవతల, మంచులోంచి, ఎవరో పిలిచారు.

"చిన్నోడా..."

ఆ పిలుపు పిలిచేది లోకంలో ఒక్క మనిషే. ఓబులేసు నోటిదాకా వచ్చిన జవాబును మింగేశాడు. ఒంటరి తావుల్లో పిలుపొస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని చిన్నప్పుడు అమ్మ చెప్పింది.

"ఇన్యారా సామీ?"

"నాకు నీళ్లు ఉడికేదే ఇనబడతాంది" అన్నాడు కంబగిరయ్య.

మళ్లీ వచ్చింది. ఈసారి మరింత దగ్గరగా, పక్క చేనిలోంచి కేకేసినట్టు.

"చిన్నోడా, నీళ్లు నీ చేనికి తిప్పుకో పోరా. వంతు నీదే."

ఓబులేసుకు అమ్మ మాట గుర్తు లేదు. గురువు గుర్తు లేడు. లేచి నిలబడి మంచులోకి గొంతు చించుకుని అరిచాడు.

"తోటంతా ఎండినంక ఎందుకురా నీ నీళ్లు! నువ్వే తాగి సావు!"

ఆ లోయలో చిన్న ఈల వేసినా నాలుగు కొండలూ తిరిగి పలుకుతాయి. ఈ అరుపు మాత్రం తిరిగి రాలేదు. ఎవరో అందుకున్నట్టు, పోయింది పోయినట్టే పోయింది. మూడో పిలుపు కోసం చూశాడు. రాలేదు.

వెనక్కి వచ్చి జీపుకు ఆనుకున్నాడు. కంబగిరయ్య వచ్చి అతని అరచేయి పట్టుకుని బానెట్ మీద పెట్టాడు. చురుక్కుమనగానే ఓబులేసు చెయ్యి లాక్కున్నాడు.

"ఇంజను ఆపినావు గదా?"

"ఆపినా సామీ."

"ఎంతసేపాయె?"

ఓబులేసు కాలిన అరచేతి వంక చూసుకున్నాడు.

చాలాసేపటికి గుడగుడ అణిగింది. అప్పుడు మూత తీసి నీళ్లు పోశారు. కారేది కారుతూనే ఉంది. వాగు దగ్గర ఒకసారి, చెక్‌పోస్టు దగ్గర ఒకసారి నీళ్లు నింపుకుంటూ, ఆగుతూ ఆగుతూ కొండ దిగారు.

ఊరు చేరేసరికి అన్న ఇంటి ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. ఏడుపులు లేవు. ఓబులేసు ప్రాణం కాస్త కుదుటపడింది.

వదిన గుమ్మంలో ఎదురయింది.

"ఉండాడు నాయనా, ఊపిరి ఆడతాంది. ఇందాక నిన్ను పిలిచినాడు. రెండుసార్లు. మూడోసారి పిలవబోయి, ఎవరో ఏందో అన్నట్టు చెవి పెట్టి ఇన్యాడు. 'ఎవురయ్యా?' అని నేనడిగితే చెప్పలా. గోడపక్కకు తిరుక్కున్యాడు. అప్పట్నించి మాట లేదు."

ఓబులేసు మంచం దగ్గరికి పోయాడు. అన్న వీపు కనబడుతోంది. దుప్పటి కింద అది సన్నగా లేచి పడుతోంది. ఆ వీపు మీద ఎక్కి తిరిగిన రోజులు ఒక్కసారిగా మీద పడ్డాయి. దుఃఖం ఆగలేదు.

"అన్నా, నాకు నీ మీద కోపం..." అని మొదలుపెట్టాడు. గొంతులో అదే సెగ తగిలింది. మాట ఆగిపోయింది. వెనక్కి తిరిగి గురువు వంక చూశాడు.

గడప అవతలే నిలబడి ఉన్నాడు కంబగిరయ్య.

"తొందరెందుకు నాయనా?" అన్నాడు. "చల్లారనీ. కూర్చో."