వంకాయలో చుక్క

పై దవడలో చీమ దూరే సందున్నా తన కంటిని దాటిపోలేదని డాక్టర్ సింహాద్రి అంటూండేవాడు. ఆ మాట అన్న రోజున చొక్కా గుండీలు ఒక కాజా కిందికి పెట్టుకొచ్చి, మధ్యాహ్నం దాకా అలాగే తిరిగాడు.

దంత కళాశాలలో స్కాన్లు చదవడం నేర్చుకుంటున్నాడతను. గురువు హైమవతి మేడమ్. వాళ్ల యంత్రం దవడని ఫొటో తీసి, కంప్యూటర్ మీద పల్చటి పొరలుగా చూపిస్తుంది. పై దవడ ఎముకలో వెంట్రుకంత సన్నటి నాళాలుంటాయి, వాటిలో నరాలుంటాయి. ఎవరికి ఎక్కడున్నాయో పట్టుకోవడమే సింహాద్రి పరిశోధన.

ఆ రోజు సన్నాయి విద్వాంసుడు కాశింవలీ స్కాన్ తీయించుకుని, ఫలితం కోసం కూర్చున్నాడు. ఆయనకి పైన ముందు పన్ను ఊడింది. మర్నాడు అక్కడే ఎముకలో మర బిగించి కొత్త పన్ను పెడతారు.

"నరానికేం తగలదు కదా డాక్టరు బాబూ? మాఘంలో ముహూర్తాలున్నాయి. ఊదలేకపోతే నేనూ సన్నాయీ చెరో మూలా పడుండాల్సిందే."

సింహాద్రి మౌస్ చక్రాన్ని బర్రున తిప్పాడు. "అక్కడ నాళమే లేదండీ. నిశ్చింతగా ఉండండి."

వెనక నుంచి హైమవతి తెర మీద వేలు పెట్టింది. "ఇదేమిటయ్యా?"

"చుక్కే కదా మేడమ్. ఎముకలో గుల్ల. అందరికీ ఉండేదే."

ఆవిడ బల్ల కింద ఉన్న రైతుబజారు సంచిలోంచి నిగనిగలాడే వంకాయ ఒకటి తీసి, చాకుతో సహా అతని ముందు పెట్టింది.

"కొయ్యి."

"ఇక్కడా మేడమ్?"

"గుత్తివంకాయ వండమనట్లేదులే. చక్రాలుగా కొయ్యి."

మొదటి చక్రం తెల్లగా ఉంది. రెండోదీ అంతే. మూడోదాంట్లో నల్లచుక్క కనిపించగానే అతని చెయ్యి ఆగిపోయింది.

"పుచ్చు మేడమ్."

"చుక్కే కదా?"

సింహాద్రి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో చక్రం కోశాడు. చుక్క కాస్త పక్కకి జరిగింది. ఆ తర్వాతిదాంట్లో పురుగు దొరగారు తలెత్తి, ఎవరు తలుపు తీసిందన్నట్టు చూశారు.

కాశింవలీ పకపకా నవ్వాడు. సింహాద్రి నవ్వలేదు. చేతులు తుడుచుకుని తెర ముందుకి వెళ్లాడు. ఈసారి ఒక్కో పొరా ఆగి ఆగి చూశాడు. చుక్క మాయమవలేదు. పొర పొరకీ కొంచెం జరుగుతూ, ముక్కు పక్కగా పైకి పోయింది.

"నాళమే మేడమ్. సరిగ్గా మర దిగే చోటికే వస్తోంది."

"అయితే?"

"పక్కన ఎముక గట్టిగానే ఉంది. మరని కాస్త వాల్చి పెడితే తగలదు. సర్జన్ గారికి ఇప్పుడే చెప్తాను."

"అయితే మాఘానికి నేనుంటాను," అన్నాడు కాశింవలీ. "మీ పెళ్లెప్పుడు బాబూ? సన్నాయి నాదే."

సింహాద్రి ఫోన్ చేసి, ఆయన్ని పంపి వచ్చేసరికి హైమవతి రెండు కప్పుల టీ పోసి ఉంచింది. అతను చల్లారేదాకా ఊది ఊది, తల ఎడమకి వంచి ఒక గుక్క తాగాడు.

"కుడివైపు దవడేం పాపం చేసింది?" అందావిడ.

సింహాద్రి కప్పులోకి చూశాడు. వంకాయ చక్రాల వంక చూశాడు.

"వెనక పన్ను మేడమ్. దసరా ముందు అద్దంలో చూశాను. చుక్కే కదా అనుకున్నాను." గొంతు తగ్గించాడు. "అది కూడా కాదు. నాకు సూదంటే భయం."