సగం పూస

ఇదంతా కోతలేనని అనే ధైర్యం ఎవరికైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి! ఎవరూ లేవరేం? సరే, వినండి.

సముద్రానికి ఇంకా ఉప్పు పట్టని రోజుల్లో రత్నకూటమనే రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటే, తూర్పు కొసన బయల్దేరిన గుర్రప్పిల్ల పడమటి కొస చేరేసరికి ముసలిదైపోయేది! ఊరికో భాష. ఒకచోట చేసిన చికిత్స ఏమిటో ఇంకోచోటి వైద్యుడికి తెలిసేది కాదు. కోసినచోటే మళ్లీ కోసేవారు, పాపం.

భద్రకీర్తి మహారాజు దేశంలోని వైద్యులందరినీ కూర్చోబెట్టాడు. ఏ అవయవమో చెప్పడానికో పూస, కుడో ఎడమో చెప్పడానికో పూస, ఏ చికిత్స చేశారో చెప్పడానికో పూస పెట్టించాడు. పని పూర్తయితే చివర నిండు పూస, మిగిలిపోతే సగం పూస. చికిత్స చేసినవారే వాటిని దారానికి గుచ్చి రోగి చేతికి కట్టాలి. సముద్రం నడుమ దీవులు కూడా అదే పద్ధతి పట్టుకున్నాయి. ఆ పూసలు కుప్ప పోస్తే, దాని నీడలో ఒక ఊరు ఊరంతా మధ్యాహ్నం కునుకు తీసేది!

ఒకనాడు రాకుమారి హేమలేఖ గుర్రం మీంచి పడింది. విరిగిన వెదురు కుడి తొడలో దిగింది. ఆస్థాన వైద్యురాలు చెన్నమాంబ కోసి తీసింది. మొన మాత్రం పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉండిపోయింది. లాగితే ప్రాణం పోతుంది. కుట్లు వేసి, సగం పూస కట్టింది.

పైగాయం మానింది. పెళ్లికోసం రాకుమారి పగడాల దీవికి ఓడ ఎక్కాలి.

మంత్రి చెన్నమాంబ దగ్గరికి వచ్చాడు. "పెళ్లికూతురి చేతికి సగం పూసేమిటండీ, అప్రతిష్ట! నిండుది కట్టండి. మీ ఇంటికి పల్లకీ పంపిస్తాం."

"నేను పల్లకీ ఎక్కితే ఆ మొన బయటికొస్తుందటండీ?" అందామె.

రాజు వచ్చాడు. "కట్టకపోతే దేశం దాటిస్తాను!"

"దాటతాను ప్రభూ. పూస మాత్రం మార్చను."

చివరికి రాకుమారే వచ్చి ఒళ్లో తల పెట్టింది. "అమ్మా, నొప్పి లేదుగా! అత్తవారింట నన్ను రోగిష్టిదంటారు. ఒక్క పూసేగా!"

చెన్నమాంబ కళ్లు తుడుచుకుంది. "అక్కడ నీ భాష తెలిసినవాళ్లుండరు తల్లీ. నువ్వు నోరు విప్పలేనినాడు నీ తరఫున మాట్లాడేది ఈ దండ ఒక్కటే. దానికి అబద్ధం నేర్పమంటావా?"

హేమలేఖ ఆ దండను మణికట్టుకు సర్దుకుంది. సగం పూసతోనే ఓడ ఎక్కింది. రాజు మాత్రం అన్నంత పనీ చేశాడు. వైద్యురాలిని పొలిమేర దాటించాడు.

దీవి రేవులో దిగీ దిగగానే రాకుమారి ఒళ్లు కాలిపోయింది. ఎంత జ్వరమంటే, పక్కన పెట్టిన కొబ్బరిబోండంలో నీళ్లు కుతకుత ఉడికాయి! స్పృహ లేదు. చెలికత్తెలు ఏడుస్తూ ఏదో చెబుతుంటే దీవివాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

దీవి వైద్యుడు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పూసలు ఒక్కొక్కటే తడిమాడు. తొడ. కుడి. గుచ్చుకున్నది కోసి తీశారు. సగమే!

కత్తి అందుకున్నాడు. రక్తనాళాన్ని వదిలి పైకి జరిగిన వెదురు మొన చీముతోపాటు బయటపడింది.

రేవులో జనమంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అలలు కూడా ఒడ్డుకొచ్చి విరగడం మరిచిపోయి నిలబడ్డాయి! ఎన్నడూ కలవని ఇద్దరు వైద్యులు, ఒకరి భాష ఒకరికి రానివాళ్లు, అంత సముద్రం మీదుగా మాట్లాడుకున్నారు మరి!

హేమలేఖ కళ్లు తెరిచింది. ఆ వార్త చేరగానే భద్రకీర్తి కిరీటం పక్కన పెట్టి, చెన్నమాంబను వెతుక్కుంటూ వట్టికాళ్లతో పొలిమేర దాటాడు.

చేసినదాన్ని చేసినంతే చెబితే, ఆ మాట మనం లేనిచోట కూడా ఒక ప్రాణం నిలబెడుతుంది. ఇంకా అనుమానమా? ఆ ఓడ నడిపిన సరంగు పోలయ్య ఇదంతా కళ్లారా చూశాడు, వెళ్లి అడగండి!