కంపన్న మీరిన ఆజ్ఞ

ఏకాంతయ్యగారి మఠంలో శిష్యులు ఏదైనా అడగవచ్చు. అయితే జవాబు వెంటనే వస్తుందని ఎవరూ ఎదురుచూసేవారు కాదు. అడిగినది ఆయన మనసులో పెట్టుకునేవారు. సమయం వచ్చినప్పుడు, ఎదుట జరుగుతున్నదాన్ని చూడమని ఊరుకునేవారు.

ఒకనాడు పాఠం ముగిశాక శరభుడనే శిష్యుడు లేవకుండా కూర్చుండిపోయాడు. "రాజు చంపమంటాడు, బంటు చంపుతాడు. ఆ పాపం ఎవరిది స్వామీ?" అని అడిగాడు.

అతడు శాస్త్రం తెలుసుకోవడానికి అడగలేదని గురువుకు తెలుసు. శరభుడి తండ్రి కంపన్న రాజుగారి దండులో బంటుగా పనిచేసినవాడు. కొన్నేళ్ల కిందట రాజు, ఏటి అవతలి కొండవాళ్లలో ఒక్క ప్రాణీ మిగలకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లు తిరగబడిందీ లేదు, కప్పం ఎగ్గొట్టిందీ లేదు. వాళ్ల మాట వేరు, వాళ్లు మొక్కే దేవుడు వేరు. దండు వెళ్లింది. ముసలివాళ్లనూ చంటిపిల్లలనూ కూడా వదలలేదు. ఆ కొండవైపు ఇప్పుడు వంటపొగ కనిపించదు.

"కొత్త జొన్నలు ఇవ్వడానికి మీ నాన్న వస్తాడు కదా, అప్పుడు చూద్దాం" అన్నారు గురువు.

కోతలయ్యాక కంపన్న వచ్చాడు. నెమ్మదైన మనిషి. మూటలు దించి, ఎద్దులకు నీళ్లు పెట్టాకే తాను మజ్జిగ తాగాడు. ఏకాంతయ్యగారు అతణ్ణి అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, కొండవాళ్ల మీదికి వెళ్లినప్పటి సంగతి అడిగారు. శరభుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

కంపన్న ఏమీ దాచలేదు. "నాకు వాళ్ల మీద పగ లేదు స్వామీ. ఏలినవారి ఆజ్ఞ. బంటన్నాక మీరడానికి ఉండదు."

"మీరినవాడు ఒక్కడూ లేడా?"

"ఉన్నాడు, మాచన అని. మొదటి పల్లె దగ్గరే కత్తి కింద పెట్టేశాడు. నా వల్ల కాదన్నాడు."

"అతణ్ణి ఏం చేశారు?"

"ఏముంది, గుర్రాలకు గడ్డి కోయమన్నారు. దండు తిరిగొచ్చేదాకా అదే పని. చేతకానివాడని మేమంతా నవ్వుకునేవాళ్లం."

గురువు అతడి చెంబులో మరికాస్త మజ్జిగ పోశారు. తరువాత, "నువ్వు మాత్రం ఎన్నడూ ఏ ఆజ్ఞా మీరలేదు" అన్నారు. వినడానికి అది మెచ్చుకున్నట్టే ఉంది.

కంపన్న చిన్నగా నవ్వాడు. "ఒక్కసారి మీరాను స్వామీ. అక్కడ దొరికిన సొమ్మంతా బొక్కసానికే చేరాలి, దాచుకున్నవాడి చెయ్యి నరుకుతామని చాటింపు వేయించారు. అన్నట్టే నరికారు కూడా, మా కళ్లెదుటే. అయినా ఒక పిల్ల కాళ్లకు వెండి కడియాలు కనిపిస్తే మనసు ఆగలేదు. మా అమ్మాయిదీ అదే ఈడు. తలపాగాలో చుట్టి తెచ్చాను. దారి పొడవునా సోదా చేస్తూనే ఉన్నారు. నేను మాత్రం..."

మాట అక్కడ ఆగింది. అతడు కొడుకు ముఖం చూశాడు.

ఆ కడియాలు పెట్టుకుని చెల్లెలు పెరట్లో గంతులు వేస్తుంటే శరభుడు ఎన్నోసార్లు ఎత్తుకుని తిప్పాడు. అవి ఎక్కడివని ఎన్నడూ అడగలేదు.

కంపన్న చెంబు పక్కన పెట్టి లేచాడు, గురువుకు మొక్కి బండి కట్టుకున్నాడు. వెళుతూ వెనక్కి చూశాడు గాని, కొడుకు సాగనంపడానికి రాలేదు.

చాలాసేపటికి శరభుడు వచ్చి గురువు పాదాల దగ్గర కూర్చున్నాడు. "భయపడి చేశాడనుకున్నాను స్వామీ. ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను" అన్నాడు.

ఏకాంతయ్యగారు శిష్యుడి తల మీద చెయ్యి వేశారు.

"మీ నాన్న పిరికివాడు కాడు నాయనా" అన్నారు.