తాబేలు పచ్చికుండ కాదు

నువ్వు నమ్మవు. పందెం! నమ్మితే నా సైకిల్ వారం రోజులు నీదే.

అనగనగా అంటే నవ్వకు, నిజంగానే ఎప్పుడో, ఒక ఊరి చివర పైడమ్మ, సింహాద్రి అని కుమ్మరి ముసలాళ్ళు ఉండేవాళ్ళు. మొగుడూపెళ్ళాలు. ఆ ఊరి షావుకారు ఒక మెట్ట తాబేలుని చీకటి పెట్టెలో పెట్టి పెంచాడు. లక్ష్మి వస్తుందంట! పదేళ్ళు అన్నం, మిఠాయి, అంతే. ఎండ లేదు, గడ్డి లేదు. పాపం దాని డిప్ప నున్నగా పెరగలేదు, గుట్టలు గుట్టలుగా లేచింది. లక్ష్మీ రాలేదు. షావుకారు కోపమొచ్చి దాన్ని మట్టిగుంటలో పారేశాడు.

మట్టికని వెళ్ళిన పైడమ్మ దాన్ని కొంగులో వేసుకుని తెచ్చింది.

"ఇదేంటే, ఇన్ని సొట్టలు? ఎవడు చేశాడే ఈ కుండ?" అన్నాడు సింహాద్రి.

"కుండ కాదయ్యా, తాబేలు. తిండి ముట్టట్లేదు. ఏం చెయ్యాలో తెలీట్లేదు."

వాళ్ళకి తెలిసింది కుండలే కదా. మొదటి రోజు సొట్టల్లో తడిమట్టి పూసి నున్నగా చేశారు. తాబేలు తల లోపలికి లాక్కుంది. రెండో రోజు కుండలు తట్టే చెక్కతో మెల్లగా తట్టారు. కాళ్ళు కూడా లాక్కుంది. మూడో రోజు, ఎండకి పగిలిపోతుందేమో అని, ఇంకా కాల్చని పచ్చికుండల పక్కనే నీడలో పెట్టారు. ఇంక కదల్లేదు.

పైడమ్మ ఏడ్చేసింది. "చచ్చిపోతదేమోనయ్యా! కుండకి చేసేవన్నీ చేశాం కదా, ఎక్కడ తప్పాం?"

అప్పుడు లోపల్నుంచి సన్నగా ఓ మాట. అవును, తాబేలే!

"అవ్వా, నీడలో ఆరబెట్టేది పచ్చికుండని. నేను ఎప్పుడో గట్టిపడిపోయా. నన్ను మళ్ళీ చెయ్యలేవు. కాస్త ఎండలో పెట్టవ్వా, ఇంత గడ్డి పడెయ్."

పైడమ్మ గబగబా మట్టి కడిగేసింది. ఎండలో పెట్టింది. వెడల్పు మూకుడులో కాళ్ళు తడిసేంత నీళ్ళు పోసింది. గట్టు మీద గడ్డి కోసుకొచ్చింది. నాలుగో రోజు తల బయటికొచ్చింది. ఐదో రోజు కరకరా నమిలింది. నెల తిరిగేసరికి వాకిలంతా దానిదే.

సింహాద్రికి మాత్రం బుర్ర తిరిగిపోయింది. "సొట్టలు అలాగే ఉన్నాయి కదే! మరి నయమైనట్టా, కానట్టా?"

పైడమ్మ వాకిట్లో ఉన్న పాత నీళ్ళకుండ చూపించింది. "మన పెళ్ళైన ఏడాది నువ్వు చేసిందే ఇది. మూతి వంకర. ఒక్క చుక్కైనా కారిందా?"

"లేదు."

"వంకరని పగలగొట్టానా?"

"లేదు గానీ... తట్టి సరిచేద్దాం అన్నది నువ్వేగా?"

"నేనే. నాకేం తెలుసయ్యా, దాన్ని అడగలేదుగా!"

నీతి ఏంటంటే, గట్టిపడ్డ వంకరని తట్టకు, దానికేం కావాలో అడుగు. అడక్కుండా చేసే సేవ చెక్కదెబ్బతో సమా... ఆఁ అమ్మా, వస్తున్నా!