ఈరక్క గుర్రానికి ఊపిరి

వినేవాళ్ళు దగ్గరికి జరగండి, కునుకు తీసేవాళ్ళు దూరంగా పోయి పడుకోండి! మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలం. కొండలు ఇప్పటికంటే మూడింతలు ఎత్తుగా ఉన్న కాలం. ఆ కొండల నడుమ చెలిమలకోట. కోట కింద కుమ్మరివాడ. కుమ్మరివాడలో ఈరక్క.

ఈరక్క చక్రం ముట్టదు. ఆడది చక్రం ముట్టరాదని వాళ్ళ కట్టుబాటు. చక్రం మొగుడు మద్దిలేటిది. కానీ మట్టిగుర్రాన్ని చక్రం మీద తిప్పలేరు కదా, చేత్తోనే చేయాలి. అందుకే ఈరక్క గుర్రాలు పట్టుకుంది. పసిపిల్లగా పిడికెడంత గుర్రం చేస్తే ఊళ్ళో పిల్లులన్నీ అటకెక్కాయి. పెళ్ళీడులో మేకంత గుర్రం చేస్తే సంతలో ఒకడు దానికి గడ్డి వేసి, తినలేదని తిట్టాడు. పిల్లల తల్లయ్యాక పొలిమేర అమ్మవారికి మొక్కుబడి గుర్రం చేస్తే, అది తోకతో ఈగల్ని తోలిందని ఒట్టేసి చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. గుర్రమంటే ఈరక్క, ఈరక్కంటే గుర్రం!

కోటలో పాలెగాడు వీరపనాయుడు. ఆయనకో బూడిదరంగు గుర్రం, పేరు పావురాయి. ఒక పోరులో శత్రువు ఈటె దాని కడుపులో దిగింది. దిగిన ఈటెతోనే అది మూడు వంకలు దాటి, దొరను కోటగుమ్మం ముందు దించి, కూలిపోయింది. పాలెగాడు ఏడవలేదు. నోరు తెరవలేదు. పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. చివరికి ఈరక్కకు కబురంపాడు.

"పావురాయంత మట్టిగుర్రం కావాల. జాతరకు అమ్మవారి ముందు నిలబడాల."

"చేస్తా దొరా."

"దాని ఒంటిమీద చిల్లు ఉండకూడదు."

మట్టిగుర్రం లోపల బోలు. కుమ్మరి ఆవంలో కాలేటప్పుడు లోపలి ఆవిరి పోవడానికి కడుపు కింద చిల్లు పెడతారు. చిల్లు లేకుంటే పగులుతుంది.

"దొరా, కడుపు కింద చిన్న..."

"కడుపు కిందనా?" పాలెగాడు లేచి నిలబడ్డాడు. "ఈటె దిగింది అక్కడే! మళ్ళీ అక్కడే పొడుస్తావా? చిల్లు కనబడితే నీ ఇంటికి దీపముండదు. పో!"

ఎక్కడా చిల్లు లేకుండా మొదటి గుర్రం చేసింది. ఆవంలో పెట్టింది. నల్లపొగ తెల్లబడే వేళకు ఢామ్మని పగిలింది. తలారి గంగులు వచ్చి, పగిలినందుకు శిక్షగా ఈరక్క ఇంటి గాడిదల్ని తోలుకుపోయాడు.

మట్టిలో ఊక ఎక్కువ కలిపి రెండో గుర్రం చేసింది. నల్లపొగ తెల్లబడే వేళకు ఢామ్మని పగిలింది. ఆ పెంకులు మూడు ఊళ్ళ అవతల ఎగిరిపడి, అక్కడ ఇప్పుడున్న గుట్ట అయ్యాయి. కావాలంటే పోయి చూసుకోండి! తలారి వచ్చి మద్దిలేటిని గుంజుకుపోయి, కోటగుమ్మానికి సంకెళ్ళేశాడు.

"మూడోది పగిలితే వీడి తల వీడి ఒళ్ళోకే," అన్నాడు.

ఈరక్క సంగటిముద్ద పట్టుకుని గుమ్మం దగ్గరికి పోయింది.

"తిను మామా."

"ఈరీ, గాడిదలకు మేత పెట్టినారా వీళ్ళు?"

"నీ తల పోతుంటే గాడిదలేంది మామా!"

"తల పోయినాక అడగలేను కదే."

ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. అప్పుడే కోట గుర్రాలసాలలో పావురాయికి జోడుగా తిరిగిన ఆడగుర్రం సకిలించింది. మెడ ఎత్తింది, నోరు బార్లా తెరిచింది, ముక్కుపుటాలు దొప్పల్లా విచ్చుకున్నాయి. కడుపులోని గాలంతా బయటికి తోసింది. ఈరక్క పైకి చూసింది. మేడమీద పాలెగాడు ఆ సకిలింపు వింటున్నాడు. దవడలు బిగిసి ఉన్నాయి. కణతమీద నరం పురుగులా కదులుతోంది.

'ఈ మనిషికీ చిల్లు లేదు, పగిలిపోతాడు' అనుకుంది ఈరక్క. గబగబా ఇంటికి నడిచింది.

మూడో గుర్రం చేసింది. మెడ ఎత్తించింది. నోరు బార్లా తెరిపించింది. గొంతులోంచి కడుపుదాకా దారి తీసింది.

పాలెగాడు సంకెళ్ళతోనే మద్దిలేటిని నడిపించుకుని ఆవం దగ్గరికి వచ్చాడు, వెనకే తలారి చీపురుపుల్ల పట్టుకుని వచ్చాడు. కడుపు కింద పొడిచాడు, లేదు. డెక్కల కింద పొడిచాడు, లేదు. నోట్లో పెట్టాడు. పుల్ల సర్రున దిగిపోయింది.

"చిల్లు! దొరా, చిల్లు!"

"అది నోరు," అంది ఈరక్క.

"చిల్లే!"

"మరి నీ ముక్కుకింద ఉండేదేందిరా గంగులూ?"

జనం గొల్లున నవ్వారు. పాలెగాడు నవ్వలేదు. కత్తి దూసి మద్దిలేటి మెడమీద ఆనించాడు.

"కాల్చు."

గుర్రాన్ని లోపల పెట్టి ఆవం అంటించారు. ఏడూళ్ళ జనం నిలబడ్డారు. నల్లపొగ లేచింది. పొగ పలచబడింది. చంకల్లో పసిపిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. పొగ తెల్లబడింది. మద్దిలేటి మెడ దగ్గర ఒక నెత్తుటిబొట్టు పుట్టింది.

ఈరక్క ఆవానికి నోరు ఆనించినంత దగ్గరగా పోయింది. జుట్టు కమురుతున్నా కదల్లేదు.

"వదులు తల్లీ, ఊపిరి వదులు," అంది.

ముందు సన్నగా, ఈల మాదిరి. తర్వాత బొంగురుగా. తర్వాత, నా మీసం మీద ఒట్టు, ఆవం లోపల గుర్రం సకిలించింది! ఆ సకిలింపుకు ఏడూళ్ళ గుర్రాలు పలుపులు తెంచుకున్నాయి. సాలలో ఆడగుర్రం బదులు పలికింది.

"పావురాయీ!" అన్నాడు పాలెగాడు.

కత్తి జారిపడింది. మనిషి మోకాళ్ళమీద కూలి, నేల గుద్దుకుంటూ ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకు ఎండిన వంక మూడు దినాలు పారింది.

ఏడుపు తెరిపినిచ్చాక అడిగాడు. "ఏం కావాలమ్మా నీకు?"

"సంకెళ్ళు తీయించు దొరా. గాడిదల్ని తోలించు," అంది ఈరక్క. మద్దిలేటి మెడ తడుముకుంటూ అన్నాడు. "మేత పెట్టి తోలించండి."

ఆ తర్వాత ఈరక్క చేసిన గుర్రాలు లెక్కపెట్టబోయినవాడు ముసలివాడైపోయాడు. చేతులకంటిన మట్టి ఆరకముందే ఒకనాడు ఆమె కన్ను మూసింది. అప్పటినుంచి ఆ కొండల్లో మట్టిగుర్రానికి కడుపు కింద చిల్లు పెట్టరు. నోరు తెరిచి ఉంచుతారు. ఆవంలో పెట్టేముందు ఇంటి పెద్దావిడ ఆ నోట్లోకి ఒకసారి ఊది, "ఈరక్కా, ఊపిరి" అంటుంది.

ఇంకో పని కూడా చేస్తారు. చావింట్లో ఎవరైనా ఏడవలేక, పళ్ళు బిగించుకుని కూర్చుంటే, వాళ్ళ ఒళ్ళో పిడికెడంత మట్టిగుర్రం పెట్టి బయటికొస్తారు. ఏమీ చెప్పరు. వాకిట్లో నిలబడి వింటారు. లోపలినుంచి ఏడుపు వినబడగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని, "పగల్లేదు" అనుకుంటారు.