ముందుగా తెలిసిన సంగతి

చక్రపాణికి ఒక్క మాట దగ్గర కలం ఆగిపోయింది. ఏళ్ల తరబడి చేసిన పరిశోధన వ్యాసంగా తయారైంది. దాని శీర్షికలో 'ముందుగా' అన్న మాట పెట్టొచ్చా, కూడదా? ఆ మాట ఉంటే పెద్ద వైద్య పత్రిక వేసుకుంటుంది. తేల్చుకుందామని, విశాఖలో తను పనిచేసే పిల్లల ఆసుపత్రిలోనే ఉన్న గురువు డాక్టర్ భానోజీరావు గదికి వెళ్లాడు.

వ్యాసం సంగతి ఇది. పిల్లలకు రక్తనాళాలు వాచే జబ్బొకటి వస్తుంది. కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, కీళ్ల నొప్పులు, కడుపునొప్పి. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం చడీచప్పుడూ లేకుండా కిడ్నీలను పట్టుకుంటుంది. మామూలు మూత్ర పరీక్షలో తేడా కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అంతకు ఎంతో ముందే మూత్రంలో పెరిగే ఒక పదార్థాన్ని చక్రపాణి కనిపెట్టాడు. తెలివైనవాడే, కాదనడానికి లేదు.

గురువు వ్యాసం చివరిదాకా చదివారు. అందులోని గ్రాఫులో అన్నిటికన్నా నిటారుగా లేచిన గీత ఎవరిదని అడిగారు.

"పన్నెండో నంబరు సార్. జబ్బొచ్చిన రెండో నెలకే పెరిగింది. మామూలు పరీక్షలో అప్పటికేమీ లేదు."

"నువ్వు ఈ పరీక్ష ఎప్పుడు చేశావు?"

"పోయిన వారం సార్. అందరివీ ఒకేసారి చెయ్యాలి కదా. అందాకా మూత్రం నమూనాలు ఫ్రీజర్‌లో పెట్టాం."

పద్ధతి అదే. పెద్ద పెద్ద చోట్ల కూడా అలాగే చేస్తారు. ఆ పదార్థం పనికొస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదని కూడా చక్రపాణి చెప్పుకున్నాడు.

"నిజమే. ఆ పద్ధతికి సంతకం పెట్టింది నేనే," అన్నారు గురువు. లేచి వెళ్లి, ఫ్రీజర్‌లోంచి పన్నెండో నంబరు ట్యూబొకటి తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు.

"డయాలసిస్ వార్డులో కిటికీ పక్క మంచం. నీ ప్రశ్న అక్కడ అడుగు."

ఆ మంచం మీద నీలవేణి ఉంది. పదేళ్ల పిల్ల. తల్లి పోలమ్మ, భీమిలి అవతల ఎండుచేపలు అమ్ముతుంది. మంచం పక్కనే కూర్చున్న ఆమె చక్రపాణిని గుర్తుపట్టి లేచి నిలబడింది. అతనికి అడగాల్సింది నోట రాలేదు. ఇది మీ అమ్మాయి మూత్రమే, మొదట్లో మీరు తెచ్చిచ్చింది, అని మాత్రం అన్నాడు.

"ఇంకా పరీచ్చ సెయ్నేదా బాబూ?"

"చేశాం అమ్మా. పోయిన వారం."

"ఏటొచ్చింది?"

జబ్బు కిడ్నీలకు పాకుతోందని అప్పుడే అందులో ఉందని చెప్పాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ చేతకాలేదు.

పోలమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. గొట్టంలోంచి తిరిగొస్తున్న కూతురి రక్తాన్ని చూస్తూ, "మరి నాను నెలనెలా తెచ్చిచ్చాను కదా బాబూ," అంది.

చక్రపాణి ఆ ట్యూబును ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.