అరవై మూడు కారణాలు

నాగరక్షితుడు మూడు రోజులుగా పుస్తకాల గది వదల్లేదు. భిక్షకు కూడా పోలేదు. తోటి భిక్షువులు తమ పాత్రల్లోంచి కొంత తీసి అతని గుమ్మం ముందు పెట్టి వెళుతున్నారు.

అతను ఉండే బౌద్ధ ఆరామం కృష్ణ ఒడ్డున, గుట్ట మీద ఉండేది. గుట్ట కింద ఊరు. ఆ ఊళ్లో పిల్లలకు చదువు చెప్పే ఎలమంద ఒజ్జ మీద ఒక నింద పడింది. ఆయన బడిలో నలుగురు పిల్లలు వరసగా వాంతులతో మంచాన పడ్డారు. ఆయనకు మాత్రం ఏమీ కాలేదు. ఊరు నోరు తెరవడానికి అది చాలు. చేతబడి అన్నారు కొందరు. పిల్లల్ని ఎండలో మాడ్చి చదివిస్తాడు అన్నారు ఇంకొందరు.

ఊరిపెద్ద మారయ్య గుట్టెక్కి వచ్చి నాగరక్షితుణ్ణి అడిగాడు.

"అయ్యా, వైద్యం మీకు తెలుసు. న్యాయం మీకు తెలుసు. పిల్లలకు చదువెలా చెప్పాలో కూడా మీరు చదివారంటారు. ఇది మీరే తేల్చాలి. నాలుగో రోజు పొద్దు వాలేసరికి పంచాయతీ పెడతాం. ఒజ్జను ఉంచమంటే ఉంచుతాం, వెళ్లగొట్టమంటే వెళ్లగొడతాం."

అరవై దాటిన మనిషి భార్యను వెంటబెట్టుకొని ఊరు విడిచి ఎక్కడికి పోతాడు? నాగరక్షితుడు ఆ సంగతి ఆలోచించకపోలేదు. అయితే దానికన్నా ముందు "మీరే తేల్చాలి" అన్న మాట అతని చెవుల్లో తియ్యగా నిలిచింది.

నాలుగో రోజు ఉదయం అతను గురువు ధర్మనంది థేరుడి ముందు నలభై ఒక్క తాటాకులు పెట్టాడు.

"భంతే, పూర్తయింది."

"ఏం రాశావు?"

"వాంతులకు వైద్య గ్రంథాల్లో అరవై మూడు కారణాలు దొరికాయి. ఒక్కటీ వదల్లేదు. మనిషిని ఊరి నుంచి వెళ్లగొట్టాలంటే ఎలాంటి సాక్ష్యం కావాలో పదకొండు ధర్మశాస్త్రాలు చూసి రాశాను. పిల్లలకు ఎంతసేపు చెప్పాలి, ఎక్కడ ఆపాలి, భయపెడితే వాళ్ల ఒంటికి ఏమవుతుంది, అదీ రాశాను. ఒక్క విషయం మీద ఇన్ని శాస్త్రాలు ఈ ఆరామంలో ఎవరూ వెతకలేదు, భంతే."

"మరి ఒజ్జను ఉంచాలా, పంపాలా?"



"రెండు వైపులా ప్రమాణాలున్నాయి. ఇంకో రెండు రోజులు గడువిస్తే..."

గురువు ఆ ఆకులు చదవలేదు. వాటిని తాడుతో జాగ్రత్తగా కట్టి పక్కన పెట్టాడు. తన పాత్ర తీసుకొని లేచాడు.

"పద. భిక్షకు పోదాం. ఈ రోజు బడి వైపు."

ఎండ అప్పుడే ముదిరింది. ఇద్దరూ గుట్ట దిగారు.

తాటాకు పందిరి కింద ఇరవై మంది ఉండాల్సిన చోట ఏడుగురు పిల్లలు కూర్చొని ఉన్నారు. ఒక పిల్లవాడు పక్కవాణ్ణి పొడుస్తున్నాడు. "రేపు పడేది నువ్వేరా. పడే ముందు నీ గంటం నాకిచ్చెయ్."

"ఛీ, నువ్వే పడతావు చూడు!"

ఒజ్జ వాళ్లను కసరలేదు. ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. వచ్చిన వాళ్లకు వంగి దండం పెట్టాడు.

"అయ్యా, నిన్న పున్నమ్మ కూడా పడిపోయింది. ఐదో పిల్ల. సాయంత్రం నా సంగతి తేలుస్తారట. తేల్చనివ్వండి. మీరు ఎండలో వచ్చారు, కాస్త మజ్జిగైనా పుచ్చుకోండి. ఇవాళ ఇవ్వడానికి ఇదొక్కటే ఉంది."

మూల ఒక ఇత్తడి గంగాళం ఉంది. ఆయన గరిటెతో మజ్జిగ ముంచి గురువు పాత్రలో పోశాడు.

"దూరం నుంచి నడిచొచ్చే పిల్లలు దాహంతో సోలిపోతారని మా ఆవిడ ముందు రోజే చిలికి పోసి ఉంచుతుంది. మొదట్లో మట్టికుండలో పోసేవాళ్లం, చాలేది కాదు. ఈ వేసవిలో మారయ్యగారు గంగాళం దానం ఇచ్చారు."

"నువ్వు తాగవా?" అన్నాడు గురువు.

"నేను తాగితే ఇద్దరు పిల్లలకు తగ్గుతుంది కదయ్యా."

గురువు పాత్ర పైకెత్తాడు.

నాగరక్షితుడు గంగాళం లోపలికి చూశాడు. మజ్జిగ తగ్గిన చోట, అంచు చుట్టూ సన్నగా ఆకుపచ్చ గీత ఉంది.

గురువు పాత్ర మీద శిష్యుడు చెయ్యి వెయ్యకూడదు. నాగరక్షితుడు వేశాడు. మజ్జిగ ఒలికి గురువు ఒంటి మీది చీవరం తడిసింది.

"తాగకండి భంతే!"

పిల్లలు లేచి నిలబడ్డారు. ఒజ్జ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు గురువు.

"చిలుము! ఇది కళాయి పోయిన ఇత్తడి. ఇందులో పుల్లటి మజ్జిగ ఒక రోజు నిలవుంటే విషమవుతుంది. పిల్లల వాంతులు దీనివల్లే."

"ఇది ఏ గ్రంథంలో ఉంది?"

"వైద్యం రెండో కట్టలో. నేను రాశాను కూడా. ఇరవై తొమ్మిదో కారణం."

"ఎప్పుడు రాశావు?"



"మొదటి రోజు."

గురువు పాత్రలో మిగిలింది నేల మీద వంపేసి, నీళ్లడిగి కడుక్కున్నాడు. ఒజ్జ గరిటె పడేసి తన రెండు చేతుల వైపు చూసుకుంటున్నాడు. "నా చేత్తోనే పోశాను," అంటున్నాడు. "నా చేత్తోనే."

తిరిగి వస్తూ నాగరక్షితుడు అడిగాడు. "మీకు ముందే తెలుసా, భంతే?"

"నాకు వైద్యం రాదు. ఎండలో నడిచాను, దాహం వేసింది."

పొద్దు వాలేవేళ పంచాయతీ కూర్చుంది. గురుశిష్యులిద్దరూ వెళ్లారు. నాగరక్షితుడు తాటాకులు తీసుకుపోలేదు. నిలబడి నాలుగు మాటల్లో చెప్పాడు.

మారయ్య మండిపడ్డాడు. "అంటే నేనిచ్చిన గంగాళమా? ధర్మానికి ఇచ్చిన వస్తువు పిల్లల ప్రాణాలు తీస్తుందా? భలే చెప్పొచ్చారయ్యా!"

వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు. "ఇంట్లో ఎందుకూ పనికిరాదనేగా ధర్మానికిచ్చావు, మారయ్యా!"

జనం గొల్లుమన్నారు. "సరే. ఒజ్జ ఊళ్లోనే ఉంటాడు," అన్నాడు మారయ్య. తర్వాత నాగరక్షితుడి వైపు తిరిగాడు.

"అయ్యా, నా బుద్ధి సరే, బయటపడింది. మీరు అన్నీ తెలిసినవారు. ఈ ముక్క నేను గుట్టెక్కిన రోజే చెప్పి ఉంటే పున్నమ్మ పడేదా?"

శాస్త్రాలన్నీ పూర్తిగా చూడకుండా మాట చెప్పకూడదని నాగరక్షితుడు అనవచ్చు. ఆ మాటకు కూడా ప్రమాణం ఉంది. అది ఏ కట్టలో ఉందో అతనికి తెలుసు.

"పడేది కాదు," అన్నాడు. "మొదటి రోజే రాశాను. గుట్ట దిగి చూడలేదు. తప్పు నాది."

నాగరక్షితుడు గురువు ముందు మోకరిల్లాడు. తప్పు ఒప్పుకున్న భిక్షువు దానికి తగిన శిక్ష అడగడం ఆరామంలో ఆచారం.

"నాకేం విధిస్తారు, భంతే?"

"ఆ పిల్ల ఇల్లెక్కడో కనుక్కో," అని గురువు తన దారిన గుట్ట వైపు నడిచాడు.

ఇల్లు ఊరి చివర ఉంది. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకొని వాళ్ల అవ్వ వాకిట్లో కూర్చుంది. ఇరుగుపొరుగు వాళ్లు చుట్టూ ఉన్నారు. పున్నమ్మ కళ్లు తెరిచే ఉంది. పెదవులు మాత్రం ఎండి చీలాయి.

అవ్వ చీవరాన్ని చూసి గుర్తుపట్టింది.

"గుట్ట మీది పెద్ద చదువులాయన మీరేనా అయ్యా? వైద్యులంటారు, తీర్పు చెప్పేవారంటారు, పంతులంటారు. ఇంతకీ ఎవరు మీరు?"

నాగరక్షితుడు గోడవారగా ఉన్న కుండలోకి తొంగి చూశాడు. అది ఖాళీగా ఉంది.

"నీళ్ల రేవు ఎటు అవ్వా?" అని కుండ ఎత్తుకున్నాడు.